పెన్సిలు పద్దులు

ఎనభయ్యో వార్షికోత్సవ సంచికకి
మన మండలి చరిత్ర రెండు పేజీలు రాసిమ్మన్నారు.
పోర్టులో ముప్పయ్యేళ్ళు టైపు కొట్టిన చెయ్యి,
నీకెంతసేపు హైమవతీ, అన్నారు.

బీరువాకి తాళంతో పని పడలేదు.
హుద్‌హుద్ రోజు కిటికీ రెక్క ఊడి మీద పడ్డప్పుడే
దాని తలుపు వంగిపోయింది.
లోపల పదకొండు మినిట్సు పుస్తకాలు,
వానంతా తాగి ఉబ్బి,
ఎండలో ఆరేశాక అప్పడాల్లా వంకర్లు తిరిగి.

ఏ పేజీ తెరిచినా నీలం మబ్బే.
తీర్మానాలన్నీ సిరాతో రాశారు మరి.
ఒకచోట "ఏకగ్రీవంగా" అన్న మాట మిగిలింది,
దేని గురించో తెలీదు.
దమయంతీబాయి గారి పొడుగాటి సంతకం,
ఏ దొరసాని వచ్చి రిబ్బను కత్తిరించిందో,
ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో,
అంతా కలిసి ఒకటే మరక.

అడుగున మాత్రం
గుడ్డ అట్ట వేసిన జమాఖర్చుల పుస్తకం.
కోశాధికారి పేరిందేవి గారు
సిరా దండగ అనేవారట.
గోరంత ముక్క మిగిలేదాకా పెన్సిలే.
పెన్సిలుని వాన ఏమీ చెయ్యలేకపోయింది.

ఏప్రిల్, బాంబులు పడిన వారం:
కిరసనాయిలు, రెండణాలు.
పెద్దాసుపత్రి గంజికి నూకలు, పన్నెండణాలు.
పోస్టు కార్డులు, ఇరవై.
తెల్లగుడ్డ, నాలుగు గజాలు.
ఎవరికోసమో రాయలేదు.
వారం తిరక్కుండా మళ్ళీ నాలుగు గజాలు.

సగం ఊరు బళ్ళు కట్టుకుని సింహాచలం వైపు పోతుంటే
ఈ తొమ్మండుగురూ ఎందుకు ఆగిపోయారో
పద్దుల్లో లేదు.
మంచం పక్కన కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టేవారని
మా మేనత్త చెప్పేది.
"ఇక్కడ మేం క్షేమం" అనే
మొదలుపెట్టమనేవారట అందరూ,
లేవలేని వాళ్ళు కూడా.

నాలుగో పేజీ నించి ఒక వరస, ప్రతి వారం:
కొర్లమ్మకి జట్కా, అణా.
పేజీలు తిప్పగా తిప్పగా
కొర్లమ్మకి రిక్షా, మూడణాలు.
కొర్లమ్మకి సిటీబస్సు, ఇరవై పైసలు.
ముప్పయ్యొక్క ఏళ్ళు.

ఎవరీ కొర్లమ్మ?
అచ్చువేసిన సభ్యుల జాబితాలో లేదు.
పాత ఫొటోకి భూతద్దం పెట్టాను.
కుర్చీల్లో పట్టుచీరలు, వెనక నేతచీరలు,
కింద అందరి పేర్లూ.
కుడి చివర, తెర జారకుండా పట్టుకున్న ఒక చెయ్యి.
దానికి పేరు లేదు.

జాలారిపేటలో రొయ్యలు ఒలుస్తూ
వాసుపల్లి పోలమ్మ తలెత్తకుండానే చెప్పింది:
"మా పెద్దమ్మేనమ్మా.
పగలు సేపల గంప, రాత్రి ఆసుపత్రి.
మీవోళ్ళు తొమ్మిదింటికి ఇళ్ళకెల్లిపోతే
దిక్కులేనోళ్ళ కాడ తెల్లార్లూ కూకునేది.
సేపల కంపని మొదట్ల లోనికి రానీలేదంట.
సచ్చిపోయీవోడికి కంపేటని
కళ్ళజోడమ్మే సెయ్యట్టుకు తీసుకెల్లిందంట."

కళ్ళజోడమ్మ. పేరిందేవి గారే.
కొర్లమ్మని సభ్యురాలిగా చేర్చుకుందామని
ఆవిడ ఓ రోజు అడిగే ఉంటారు.
ఎవరూ బలపరిచి ఉండరు.
అది సిరాలో పోయింది.

"జట్కా డబ్బులిచ్చేవారుగా?" అన్నాను.
పోలమ్మ నవ్వింది.
"అదెప్పుడు జట్కా ఎక్కిందమ్మా! నడిసే ఎల్లేది.
ఆ డబ్బుల్తో బన్నురొట్టెలు కొని
పేసెంట్లకి ముంచి పెట్టీది, టీలో."

ముప్పయ్యొక్క ఏళ్ళ ప్రయాణ ఖర్చు
ఇప్పుడు ఏ ఖాతాలోకి మార్చను?

కార్యదర్శి ఫోను చేసింది.
అధ్యక్షురాళ్ళ పేర్లు వరసగా వేసెయ్, చాలు, అంది.
వేశాను, ఏ అక్షరం తప్పకుండా.
ఫొటోలో ఆ చెయ్యి కింద మాత్రం
పెన్సిలుతో ఓ పేరు రాసి పంపాను.
ప్రెస్సు కుర్రాడు అచ్చేస్తాడో,
గీత అనుకుని చెరిపేస్తాడో.

రేపు గురువారం, ఎముకల వార్డులో నా వంతు.
తొమ్మిదికి మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారు.
రేపు ఫ్లాస్కు పెద్దది తీసుకెళ్తాను.